మాఘం వెళుతున్నా మన్యాన్ని వీడని చలి
తెల్లవారుజాము గడ్డమంచుతో కూరగాయలకు ముప్పు.. కాఫీ పూతకు పరీక్ష

పాడేరు: శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మైదాన ప్రాంతంలో నానుడి. నర్సీపట్నం దాటి డౌనూరు మీదుగా ఘాట్‌రోడ్డు ఎక్కితే ఆ మాట చెల్లదు. ఫిబ్రవరి రెండో పక్షంలో విశాఖ నగరంలో ఫ్యాన్లు తిరగడం మొదలవుతుంది. అదే సమయంలో చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల్లోని గ్రామాల్లో పొద్దెక్కే వరకూ నెగళ్ల చుట్టూ జనం కనిపిస్తారు. పగలు 28 డిగ్రీలకు చేరిన ఉష్ణోగ్రత తెల్లవారేసరికి పది డిగ్రీల దిగువకు పడిపోవడం ఈ ప్రాంతంలో వసంతారంభ లక్షణం. డిసెంబరు, జనవరి చలికి ప్రజలు సిద్ధంగానే ఉంటారు. కంబళ్లు మడిచి పెట్టాక, మొక్క చిగురు వేశాక, కాఫీ మొగ్గ వానకోసం ఎదురుచూస్తున్న వేళ వచ్చే చలితోనే నష్టం ఎక్కువ.

వాతావరణ శాఖ ఏటా శీతాకాలానికి ఒకటి, మార్చి నుంచి మే వరకు మరొకటి చొప్పున దీర్ఘకాలిక అంచనాలు విడుదల చేస్తుంది. ఇటీవలి సంవత్సరాల్లో వీటిలో తరచుగా వినిపిస్తున్న మాట 'సాధారణం కంటే అధిక ఉష్ణోగ్రతలు'. దేశంలో 1901 నుంచి ఉన్న లెక్కల ప్రకారం సగటు ఉష్ణోగ్రతలో అత్యంత వెచ్చని ఫిబ్రవరిగా 2025 నమోదైంది. అంతకు రెండేళ్ల ముందు 2023 ఫిబ్రవరి పగటి ఉష్ణోగ్రతల్లో రికార్డు నెలకొల్పింది. ఈ వార్తలు చదివిన రైతుకు ఇక చలి బెడద లేదన్న భావన కలగడం సహజం. అయితే ఆ అంచనా మూడు నెలల సగటుకు, విశాలమైన ప్రాంతానికి సంబంధించినది. తొంభై రోజుల్లో ఎనభై అయిదు రోజులు వెచ్చగా ఉండి, మిగిలిన అయిదు రాత్రులు గడ్డకట్టించినా సగటు అధికంగానే తేలుతుంది. పంటను దెబ్బతీయడానికి ఆ అయిదు రాత్రులు కూడా అక్కర్లేదు, ఒక్కటి చాలు. పైగా ముందుగా వచ్చిన వెచ్చదనానికి మొక్కలు తొందరపడి చిగురిస్తాయి. లేత చిగురులో నీటి శాతం ఎక్కువ, ఓర్పు తక్కువ. వెచ్చని ఫిబ్రవరిలో వచ్చే చల్లని రాత్రి చల్లని జనవరిలోని అదే రాత్రి కంటే ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

కొండ ఎత్తు ఒక్కటే కారణం కాదు

లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. కిలోమీటరు ఎత్తుకు ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయన్నది పాఠ్యపుస్తకాల లెక్క. విశాఖలో రాత్రి 18 డిగ్రీలు ఉంటే ఆ లెక్కన లంబసింగిలో 12 వరకు ఉండాలి. కానీ శీతాకాలపు రాత్రుల్లో అక్కడ ఐదు డిగ్రీల సమీపానికి, కొన్ని సంవత్సరాల్లో అంతకంటే దిగువకు కూడా పడిపోతోంది. మిగిలిన ఆ ఏడు డిగ్రీలు ఎక్కడికి పోతున్నాయన్నదే ఆసక్తికరమైన ప్రశ్న.

సముద్రానికి దూరంగా ఉండటం అందులో కొంత వాటా. అసలు కారణం ఆకాశంలో ఉంది. పగలంతా నేల పీల్చుకున్న వేడి సూర్యాస్తమయం తర్వాత కంటికి కనిపించని కిరణాల రూపంలో పైకి పోతుంది. మబ్బు ఉంటే అది దుప్పటిలా అడ్డుపడి కొంత వేడిని తిరిగి పంపుతుంది. మధ్య భారతంపై అధిక పీడనం నెలకొని, ఉత్తరాది పొడిగాలి తూర్పు కనుమల వరకు వ్యాపించిన రోజుల్లో మబ్బు ఉండదు, గాలిలో తేమ ఉండదు, గాలి కదలిక కూడా ఉండదు. అప్పుడు నేల వేగంగా చల్లబడుతుంది, దానిని తాకిన గాలీ చల్లబడుతుంది. చల్లగాలి బరువు. కొండవాలు వెంబడి నీరు పారినట్టే పారి గెడ్డల పక్కన, లోయ అడుగున నిలుస్తుంది. ఫలితంగా కొండ నడుమ ఉన్న ఊరి కంటే అడుగున ఉన్న పొలంలో చలి ఎక్కువ. ఎత్తుకు వెళ్లేకొద్దీ చలి పెరగాలన్న నియమం ఆ కొద్ది గంటలు తలకిందులవుతుంది.

లంబసింగికి కొర్రబయలు అన్న పేరు ఉంది. ఆరుబయట ఉన్నవాడు కర్రలా బిగుసుకుపోతాడన్నది దానికి స్థానికులు చెప్పే అర్థం. పేరు పెట్టినవారికి థర్మామీటరు తెలియకపోయినా బయలుకు, చెట్టు నీడకు మధ్య తేడా బాగా తెలుసుననిపిస్తుంది. ఆకాశం కనిపించే చోటే వేడి ఎగిరిపోతుంది, చెట్టు కింద సగానికి సగం నిలుస్తుంది.

ఆదిలాబాద్, కుమురం భీం జిల్లాల చలికీ మూలం ఇదే మధ్య భారతపు పొడిగాలి. ఉత్తరాదిన హిమాలయాల మీదుగా పశ్చిమ అలజడి ఒకటి దాటిపోయిన రెండు మూడు రోజులకు అక్కడ, ఆ వెనుక ఒకటి రెండు రోజులకు మన్యంలో పాదరసం దిగడం మామూలు. రైతుకు చేతిలో ఉండే అత్యంత సులువైన ముందస్తు సూచన కూడా ఇదే. ఉత్తరాదిన మంచు కురిసి మబ్బు విడిపోయిందని వార్త వచ్చిందంటే వారం లోపు ఇక్కడ జాగ్రత్తపడాలి.

పొగమంచు వేరు, గడ్డమంచు వేరు

తెలుగులో మంచు అన్న ఒక్క మాటే చాలా పనులు చేస్తోంది. ఉదయాన్నే ఆకుపై నిలిచే బిందువులు మంచే, దారి కనిపించకుండా కమ్మేసేదీ మంచే, గడ్డిపై ఉప్పు చల్లినట్టు తెల్లగా పేరుకునేదీ మంచే. వంజంగి, చెరువులవేనం, మాడగడ కొండలపై పర్యాటకులు చూసి మురిసే పాలసముద్రం పొగమంచు. దానివల్ల పంటకు చలి దెబ్బ తగలదు సరికదా, ఆ రాత్రికి అది రక్షణ. పొగమంచు పొర కూడా మబ్బులాగే నేల వేడిని నిలుపుతుంది. ఆవిరి నీరయ్యేటప్పుడు వెలువడే వేడి సైతం గాలిని మరింత చల్లబడనీయదు. చుక్కలు స్పష్టంగా మెరిసే రాత్రి, చెట్టు ఆకు కదలని రాత్రి, సాయంత్రమే పెదవులు పగిలేంత పొడిగా ఉన్న రాత్రి భయపడవలసినది.

ఇక్కడే థర్మామీటరు అంకెతో ఒక చిక్కు ఉంది. వాతావరణ కేంద్రాల్లో ఉష్ణోగ్రతను నేల నుంచి సుమారు నాలుగు అడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లని పెట్టెలో కొలుస్తారు. నిర్మలమైన రాత్రి ఆ పెట్టెలో నాలుగు డిగ్రీలు ఉంటే, కింద గడ్డి మొన వద్ద సున్నా లేదా అంతకంటే తక్కువ ఉండవచ్చు. నాలుగు డిగ్రీలకే మంచు గడ్డకట్టిందని గిరిజనులు చెబితే పట్నంలో నవ్వేవారు ఉన్నారు. గిరిజనులు చెప్పేది నిజమే. బంగాళాదుంప, చిక్కుడు, స్ట్రాబెరీ, కాఫీ నారు ఉండేది నాలుగు అడుగుల ఎత్తున కాదు, నేలను ఆనుకునే.

మరో చిక్కు కొలిచే చోటుది. లంబసింగి పేరిట ప్రచారమయ్యే అంకెలకు, చింతపల్లిలోని ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన స్థానంలో నమోదయ్యే అంకెకు తేడా ఉంటుంది. ఒక చోట కొలిచిన దానికి మరో చోటి పేరు తగిలించడం, అందులోంచి ఒకటి రెండు డిగ్రీలు తీసివేయడం పర్యాటక ప్రచారానికి పనికొస్తుందేమో కానీ రైతుకు ఉపయోగపడదు. సున్నా డిగ్రీలు అన్న శీర్షికకు హోటల్ గదులు నిండుతాయి. నిజంగా గడ్డమంచు పడి చిక్కుడు పాదు నల్లబడిన రాత్రి మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు.

సాయానికి అంకె కావాలి

రిజిస్టరులో ఉండటం ఎందుకు ముఖ్యమో చూడాలి. శీతల గాలులు, గడ్డమంచును విపత్తు సహాయ నిధి కింద పరిహారానికి అర్హమైన ప్రకృతి వైపరీత్యాల జాబితాలో కేంద్రం 2012లో చేర్చింది. పంట నష్టం 33 శాతం లేదా అంతకు మించితే పెట్టుబడి సాయానికి అర్హత ఉంటుందన్న నిబంధన 2015 నుంచి అమల్లోకి వచ్చింది, అంతకు ముందు అది 50 శాతంగా ఉండేది. తుపాను, వరద నష్టానికి ఈ నిధులు రావడం ఉమ్మడి విశాఖ రైతులకు తెలుసు. గడ్డమంచు నష్టానికి సైతం అడగవచ్చునన్న సంగతి తెలిసినవారు తక్కువ.

అడిగినా ఆధారం చూపాలి. వాతావరణ శాఖ నిర్వచనం ప్రకారం శీతల గాలుల హెచ్చరికకు మైదానాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత పది డిగ్రీలకు, కొండ ప్రాంతాల్లో సున్నాకు దిగాలి. ఆ పైన సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలైనా తగ్గి ఉండాలి. సున్నా అన్న హద్దు హిమాలయ రాష్ట్రాలకు సరిపోతుంది. వెయ్యి మీటర్ల ఎత్తున్న తూర్పు కనుమలను ఏ వర్గంలో చూడాలన్నది కాగితంపై చిన్న విషయంగా కనిపిస్తుంది. కొండ ప్రాంతంగా లెక్కిస్తే పెట్టెలో నాలుగు డిగ్రీలు నమోదై, నేలపై మంచు గడ్డకట్టిన రాత్రి కూడా ఆ హద్దులోకి రాదు. మైదానంగా లెక్కిస్తే వస్తుంది. మధ్యస్థ ఎత్తు ప్రాంతాలకు విడిగా ఒక కొలమానం ఉండాలన్న వాదనలో బలం ఉంది. కనీసం లోయ అడుగున కూరగాయలు పండే చోట్ల నేలమట్టపు ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు జరిగితే నష్టం లెక్క తేల్చడం సులువవుతుంది. ఖర్చు కూడా ఘాట్‌రోడ్డు మలుపు దగ్గర పెట్టే ఒక స్వాగత ద్వారం ఖర్చును మించదు.

కాఫీ తోటకు చెట్టు నీడే కంబళి

మన్యంలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ సాగు ఉంది. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ పంటకు వసంత వాతావరణం చాలా కీలకం. డిసెంబరు నుంచి పొడి, చలి వాతావరణంలో మొగ్గ నిద్రపోతుంది. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ లోపు పాతిక మిల్లీమీటర్లకు తగ్గకుండా ఒక వాన పడితే మొగ్గ మేల్కొని తొమ్మిది, పది రోజుల్లో తోటంతా ఒక్కసారిగా తెల్లబడుతుంది. పూత వాన అంటే ఇదే. మరికొన్ని వారాలకు ఇంకో వాన పడితేనే పిందె నిలుస్తుంది. తుంపర పడి ఆగిపోతే మొగ్గ సగం విచ్చుకుని మాడిపోతుంది. కర్ణాటకలో పెద్ద ఎస్టేట్లకు స్ప్రింక్లర్లు ఉన్నాయి, ఆకాశం మాట తప్పితే అక్కడ మోటారు వేస్తారు. మన్యంలో ఎకరం, రెండెకరాల గిరిజన రైతుకు ఆకాశమే దిక్కు.

చలి విషయంలో మాత్రం ఈ తోటలకు ఒక మేలు ఉంది. సిల్వర్ ఓక్, పనస, మామిడి వంటి నీడ చెట్ల కింద కాఫీ పెరుగుతోంది. పైనున్న కొమ్మలు నేల వేడిని ఆకాశంలోకి పోనీయవు. బ్రెజిల్‌లో నీడ లేకుండా ఆరుబయట సాగుచేస్తారు. 1975 జులైలో ఒక రాత్రి గడ్డమంచుకు పరానా రాష్ట్రంలో కాఫీ తోటలు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. 2021 జులైలో మినాస్ జెరాయిస్ ప్రాంతంలో మళ్లీ దెబ్బ తగిలింది, ప్రపంచ మార్కెట్లో ధర ఎగసింది. ఎక్కడో దక్షిణార్ధగోళంలో మొక్క మాడితే పాడేరు సంతలో పార్చ్‌మెంటు ధర పెరగడం ఈ పంట వింత.

నీడ ఉందన్న ధీమా అన్నిచోట్లా చెల్లదు. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుపానుకు మన్యంలో సిల్వర్ ఓక్ చెట్లు పెద్దసంఖ్యలో నేలకూలాయి. తర్వాత నాటినవి పెరుగుతున్నా ఖాళీలు ఇంకా పూడని తోటల్లో కాఫీ మొక్క నెత్తిన ఆకాశమే ఉంటుంది. కలప ధర బాగుందని నీడ చెట్లు ఒక్కసారిగా నరికేస్తున్న చోటా పరిస్థితి అంతే. చెట్లు కొట్టాలనుకుంటే ఏప్రిల్ దాటాక, అదీ దఫదఫాలుగా కొట్టడం మేలు.

కాఫీ నర్సరీలది మరో కథ. నీటి వసతి కోసం వీటిని గెడ్డల పక్కన, అంటే చల్లగాలి నిలిచే పల్లంలోనే పెడతారు. డిసెంబరు, జనవరిలో వేసిన విత్తనం మొలకెత్తడానికి నెలన్నర పడుతుంది, చలి పెరిగితే ఇంకా ఆలస్యం. టోపీ దశలో ఉన్న మొలకలను సంచుల్లోకి మార్చేది సరిగ్గా ఈ రోజుల్లోనే. నారుమడిపై పందిరి గడ్డిని ఎండ పెరిగిందని ముందే తీసేయడం చాలాచోట్ల జరిగే పొరపాటు.

పూత ఒక్కసారిగా కాక రెండు మూడు విడతలుగా వస్తే కాయ కూడా విడతలుగానే పండుతుంది. కోత కూలి పెరగడమే కాదు, తోటలో ఎప్పుడూ ఏదో ఒక పండు ఉండటంతో తెగుళ్లకు ఆహారం దొరుకుతుంది. 2025లో అరకు ప్రాంతంలో కాఫీ కాయ తొలుచు పురుగు కనిపించిన తర్వాత ఈ అంశానికి ప్రాధాన్యం పెరిగింది. నేల రాలిన, కొమ్మకు మిగిలిన కాయలను పూత వాన లోపు ఏరివేయడం ఇప్పుడు ప్రతి రైతూ చేయవలసిన పని.

కళ్లంలో ఆరబోసిన పార్చ్‌మెంటు, మిరియాలు, ఉడికించిన పసుపు కొమ్ములపై సాయంత్రం ఐదు గంటలకే టార్పాలిన్ కప్పాలి. చీకటి పడ్డాక కప్పితే అప్పటికే దిగిన తేమ లోపల చిక్కుకుని బూజు పడుతుంది.

పొగ పెడితే చాలునా

గడ్డమంచు భయం ఉన్న రాత్రి పొలం గట్టున తడి గడ్డి కాల్చి పొగ పెట్టడం పాత అలవాటు. కంటికి దట్టంగా కనిపించినా ఆ పొగలోని రేణువులు నేల వేడిని ఆపగలిగినంత పెద్దవి కావు. మంట వేడి వల్ల కలిగే ప్రయోజనం కూడా స్వల్పం. పైగా మార్చి దగ్గర పడేకొద్దీ ఎండిన ఆకులకు నిప్పంటుకుని తోటలే కాలిపోయే ప్రమాదం ఉంది. దీనికంటే మధ్యాహ్నం వేళ తేలికపాటి తడి ఇవ్వడం ఎన్నో రెట్లు నయం. తడి నేల పొడి నేల కంటే ఎక్కువ వేడిని దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. మొక్కపై గడ్డి కానీ, గోనెపట్టా కానీ కప్పితే రక్షణ. అదే గడ్డిని మొక్కల నడుమ నేలపై పరిస్తే ఫలితం విరుద్ధం, నేల వేడి మొక్కకు అందదు. గట్టుకు అడ్డంగా దట్టంగా పెరిగిన పొదలను ఒకచోట తెరిచినా నిలిచిన చల్లగాలి కిందికి జారిపోతుంది.

మాడిన కొమ్మను మర్నాడే నరకడం మరో తొందరపాటు. ఎంత వరకు చచ్చిందో తెలియడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా ఇంకో చలి రాత్రి వస్తే ఎండిన కొమ్మలే కిందివాటికి కాపు.

మైదానంలో మామిడి, జీడి

కొండ దిగువన అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గడ్డమంచు ప్రశ్న లేదు. అక్కడ బాధ చల్లని రాత్రుల కొనసాగింపుతో. రాత్రి చలి ఎక్కువకాలం నిలిస్తే మామిడి పూతలో మగపూల పాళ్లు పెరిగి పిందె తగ్గుతుంది. ఉదయం మంచు, మధ్యాహ్నం వెచ్చదనం కలిసిన వాతావరణం బూడిద తెగులుకు, తేనెమంచు పురుగుకు అనుకూలం. పలాస, ఉద్దానంలో జీడిపూత నల్లబడితే మంచుకు మాడిందనడం వాడుక. చాలాసార్లు అది టీ దోమ చేసిన పని. మంచు మీద నెపం వేసి వదిలేసిన తోటలో దోమ మరో విడత పూతను కూడా తినేస్తుంది. కొమ్మ చివర నల్లని మచ్చలు, కారిన జిగురు కనిపిస్తే దోమగా గుర్తించాలి.

మనుషుల మాట

పంటకు టార్పాలిన్ కప్పవచ్చు. బరువు తక్కువగా పుట్టిన శిశువు, ఒంటరి వృద్ధురాలు, ఆశ్రమ పాఠశాల విద్యార్థి పరిస్థితి వేరు. మన్యంలో వేలమంది పిల్లలు వసతి గృహాల్లో ఉంటున్నారు. కిటికీ రెక్కలు సరిగా పడతాయా, పడుకునేది గచ్చు మీదనా మంచం మీదనా, స్నానానికి వేడినీరు ఉందా అన్న మూడు ప్రశ్నలకు జనవరిలో తనిఖీలు జరుగుతాయి, ఫిబ్రవరిలో పరీక్షల హడావుడిలో మరుగున పడతాయి. తెల్లవారుజామున లేపి చదివించే పరీక్షల కాలం, రాత్రీపగలూ ఉష్ణోగ్రతల తేడా ఇరవై డిగ్రీలకు చేరే కాలం ఒకటే కావడం గమనించాలి. స్నానాన్ని పొద్దెక్కాకకు మార్చడానికి పైసా ఖర్చు లేదు.

పసికందును తల్లి ఒంటికి ఆనించి కప్పడం కంటే మంచి వెచ్చదనం లేదని వైద్యులు చెబుతారు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోవడం మాత్రం ప్రాణాంతకం. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పర్యాటకులు గుడారాల్లో నిప్పు రాజేసుకోవడం కూడా అంతే ప్రమాదం.

ఇక రాబోయే వారాల మాటకొస్తే, శివరాత్రి నుంచి మార్చి మొదటి వారం వరకు ఉత్తరాది పొడిగాలి ఒకటి రెండు విడతలు మన్యాన్ని తాకడానికి అవకాశం ఉండే కాలం. మంగళ, శుక్రవారాల్లో వెలువడే వ్యవసాయ వాతావరణ సూచనల్లో నిర్మలమైన ఆకాశం, తక్కువ తేమ, బలహీనమైన గాలి మూడూ ఒకేసారి కనిపిస్తే ఆ రెండు మూడు రాత్రులే చూసుకోవాలి. బంగాళాఖాతం మీదుగా తేమ గాలి మళ్లిందంటే గడ్డమంచు ముప్పు తీరినట్టే. ఆ తేమతోనే మార్చిలో ఉరుములు, ఈదురుగాలులు, ఒక్కోసారి వడగళ్లు వస్తాయి, కాఫీ రైతు ఎదురుచూసే పూత వాన కూడా వాటి వెంటే వస్తుంది. చైత్రంలో ఇటుకల పండుగకు డప్పులు మోగే నాటికి ఆ వాన పడిందా లేదా అన్నదాన్ని బట్టే డిసెంబరులో కళ్లానికి చేరే కాఫీ ఎంతో తేలుతుంది.